గీతిక అనని మాట

శుక్రవారం సాయంత్రం మిక్సీ జారుకు వాషరు వేయించుకుందామని ఉప్పల్ వెళ్లిన గీతిక, ఫంక్షన్ హాలు గేటు పక్కన తన ముఖం తనకే కనిపించి ఆగిపోయింది.

ముఖమంటే చిన్నదేం కాదు, అన్నం పళ్లెమంత. అక్కడ కట్టిన ఫ్లెక్సీలో ముప్పాతిక భాగం టైగర్ నరేన్ నల్లకళ్లద్దాలు పెట్టుకుని నవ్వుతున్నాడు. అతని కాళ్ల దగ్గర వరుసగా తొమ్మిది గుండ్రటి ఫోటోలు. అందులో మూడోది గీతికది. దాని కింద ఎర్రటి అక్షరాల్లో ‘ఆట అదిరింది - గేమ్ రివ్యూయర్ గీతిక’ అని ఉంది. ఆ మాట ఆమె అనలేదు. అనడానికి అసలు ఆటే ఇంకా పూర్తి చేయలేదు.

ఈ నరేన్ ఉప్పల్‌లోనే పుట్టి పెరిగినవాడు. ఫోన్లో ఆటలాడుతూ గొంతు చించుకుని అరవడం వృత్తిగా పెట్టుకుని, ఇరవై లక్షలమంది అభిమానుల్ని సంపాదించాడు. తప్పేం లేదు, అంతసేపు అరవడానికీ ఓపికుండాలి. ఇప్పుడు ‘ఐదు కోటలు’ అని తన పేరు మీదే ఒక ఆట విడుదల చేశాడు. నాలుగేళ్లు చెమటోడ్చానని వీడియోలో కళ్లు కూడా తుడుచుకున్నాడు. ఆదివారం పది గంటలకు ఇదే హాల్లో అభిమానుల సభ.

గీతిక సంగతి వేరు. ఆమె హబ్సిగూడ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతుంది. తీరిక దొరికితే ఆటలాడి, వాటి మంచిచెడ్డలు తెలుగులో చెప్పే ఛానల్ నడుపుతుంది. వినేవాళ్లు పదకొండు వేలమంది, నరేన్ ముందు ఆవగింజంత. అయితే ఆమెకో పట్టుదల ఉంది. చివరి అంచె దాటేదాకా ఏ ఆట మీదా నోరు విప్పదు. ఆట విడుదలైన గంటలోనే లోకమంతా అదిరిందనో పోయిందనో తీర్పు చెప్పేస్తే, ఈమె వారం తర్వాత నోటుపుస్తకం పట్టుకుని తీరిగ్గా వస్తుంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని తల్లి అరుణకుమారి విసుక్కుంటుంది.

ఆమె ఇంకా ఫ్లెక్సీ ముందే నిలబడి ఉండగా రిషి నుంచి మెసేజ్ వచ్చింది. దమ్మాయిగూడలో ఉండే ఈ అబ్బాయిని గీతిక ఎప్పుడూ చూడలేదు. అతని కళ్లకు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. ఏ ఆటలో రంగులు అడ్డొస్తాయో ముందే చెబుతుందనే ఆమె వీడియోలు చూస్తాడు. ‘ఫ్లెక్సీ చూశానండీ. మీరే బాగుందన్నారంటే రంగుల ఇబ్బంది లేనట్టే. మొదలుపెట్టేశా’ అని రాశాడు.

గీతికకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తను చేయని తప్పుకే అంత సిగ్గు. అది తన మాట కాదని, రెండు రోజులు ఆగమని అతనికి రాసి, వాషరు సంగతే మరిచిపోయి నాచారం బస్సెక్కింది.

ఆ ఫ్లెక్సీ కట్టించిన అభిమాన సంఘం అధ్యక్షుడు నాగచైతన్య, నాచారంలో గీతిక వాళ్ల వెనకవీధివాడే. బస్సు దిగి నేరుగా అతని దగ్గరికే వెళ్లింది. చిన్నప్పటి నుంచీ అక్కా అక్కా అని చుట్టూ తిరిగినవాడు. పాపం, అతని లెక్క అతనిది. ఫ్లెక్సీలో ఫోటో వేసేముందు అడిగేవాళ్లు మన దగ్గర లేరు, వేయకపోతే అలిగేవాళ్లే ఉన్నారు. వినాయకచవితి ఫ్లెక్సీలో తన ముఖం లేదని ఆ వీధి పెద్దాయన ఒకరు మూడేళ్లు ఎవరితోనూ మాట్లాడలేదు.

"నీ ఫోటో ఎయ్యకుంటే ఫీలయితవని ఏసిన అక్కా. మంచిమాటనే పెట్టిన గద" అన్నాడు చైతన్య, ముఖం చిన్నబుచ్చుకుని.

"నేను అనని మాట పెట్టావు చైతూ. తీసెయ్యి."

ఆదివారం దాటనిమ్మన్నాడు. ఇప్పుడు విప్పితే నరేన్ అన్న ముందు పరువు పోతుందన్నాడు. ఇంటికొస్తే తల్లి కూడా అదే పాట. పక్కింటివాళ్లు చూసి మెచ్చుకున్నారట, ఒక్క ఫోటోకి అంత పంతమెందుకని బుజ్జగించింది. మెచ్చుకున్నది నన్ను కాదమ్మా, నా పేరుతో ఎవరో అన్న మాటని అని గీతిక గదిలోకి వెళ్లిపోయింది.

శనివారం సెలవు పెట్టి పొద్దున్నే ఆటకు కూర్చుంది. కోపం ఉంది కదా అని తూకంలో మోసం చేయలేదు. మొదటి నాలుగు కోటలు బాగున్నాయి, బాగున్నాయనే రాసుకుంది. నాలుగో కోటలో రేకుల మీద పడే వాన చప్పుడు విని, వద్దనుకుంటూనే నవ్వింది. ఐదో కోట దగ్గర రెండు ద్వారాలున్నాయి. ఒకటి ఎర్రది, ఒకటి ఆకుపచ్చది. ఇంకే గుర్తూ లేదు. ఎర్రదాంట్లోకి వెళితే మళ్లీ మొదటి కోట నుంచి మొదలుపెట్టాలి. ఫోన్‌ను నలుపు తెలుపుల్లోకి మార్చి చూసింది. రెండు ద్వారాలూ బూడిదరంగులో అక్కచెల్లెళ్లలా నిలబడ్డాయి. తను ఆగమని ఉండకపోతే రిషి నాలుగు కోటలు కష్టపడి దాటి ఇక్కడికొచ్చి, తప్పెక్కడో తెలియక వెనక్కిపోతూనే ఉండేవాడు. అదీ తన ముఖం చూసి.

మధ్యాహ్నానికి వీడియో తయారుచేసి, ఆదివారం పది గంటలకు బయటికొచ్చేలా పెట్టింది. సభ అయ్యాక పెట్టకూడదా అంది తల్లి. సభలో చప్పట్లు కొట్టేవాళ్లకు ముందే తెలియాలి కదమ్మా అంది గీతిక.

ఆదివారం తొమ్మిదిన్నరకు ఆమె కట్టర్ పట్టుకుని ఉప్పల్‌లో దిగింది. టీకొట్టు నుంచి స్టూలు అడిగి తెచ్చి, ఫ్లెక్సీ కింద వేసుకుని ఎక్కింది. హాలు ముందు వరుస కట్టిన కుర్రకారంతా ఇటే చూశారు. ఒకడు ఈల వేశాడు. అన్నకొచ్చినంత పేరు తనకు రాలేదని కుళ్లు అని ఇంకొకడు అన్నాడు. ఆమె కట్టర్ ఆగలేదు.

చైతన్య పరుగెత్తుకొచ్చాడు. "గిదేంది అక్కా, అంత పెద్ద బొక్క పడితె అన్న ఏమనుకుంటడు?"

"ఏమైనా అనుకోనీ. అబద్ధం కంటే బొక్కే నయం."

ముఖం, దాని కింది మాట రెండూ ఊడి ఆమె చేతికొచ్చాయి. ఆ ఖాళీలోంచి వెనకున్న గోడ కనిపించింది. సరిగ్గా అప్పుడే కారు వచ్చి ఆగింది. టైగర్ నరేన్ దిగి, అరుపుల మధ్య చేయి ఊపుతూ వచ్చి, ఫ్లెక్సీకి పడ్డ చిల్లు చూసి ఏమైందని అడిగాడు.

గీతిక స్టూలు దిగి సూటిగా అడిగింది. "ఐదో కోట ద్వారాలకు రంగు తప్ప గుర్తు లేదు. రంగులు తెలియనివాళ్లు ఎలా ఆడాలండీ?"

నరేన్ నవ్వాడు. అతనికి దాపరికం లేదు, ఆ మాటకొస్తే ఆమె మీద కోపమూ లేదు.

"ఐదో కోటనా అక్కా? నేనింక రెండో కోట కాడనే ఉన్న. ఆట జేసింది కంపెనోళ్లు. పేరు, గొంతు నాయి."

ఎవరో ఫోన్ ముందుకు చాపితే సెల్ఫీ ఇచ్చి, లోపలికి వెళ్లిపోయాడు. వెనకాలే జనం తోసుకుంటూ పోయారు. హాల్లో డప్పులు మొదలయ్యాయి. గీతిక ఫోన్ ఒకసారి వణికింది. పది గంటలైంది, వీడియో బయటికొచ్చింది.

చైతన్య మాత్రం లోపలికి పోలేదు. ఫ్లెక్సీలో నాలుగో ఫోటో అతనిది, ఆమె ఖాళీకి ఆనుకునే ఉంది. ‘అన్న నాలుగేళ్ల చెమట, మా ప్రాణం’ అని దాని కింద రాసి ఉంది. అతను దాన్ని చాలాసేపు చూశాడు.

"నువ్వు ఐదు కోటలు ఆడినవా అక్కా?"

"ఆడాను."

"నేను మూడే ఆడిన."

అతను స్టూలును పక్కకు జరిపి, నాలుగో ఫోటో కింద వేసుకుని ఎక్కాడు. కిందికి చేయి చాపాడు.

"ఆ కట్టర్ గిటియ్యి."