మీట నొక్కని గిటార్

తాళాలాయన వృత్తి తాళాలు, తగులుకున్నది తాళం. పగలంతా దుకాణంలో కూర్చుని ఊళ్ళోవాళ్ళ తాళాలు తీసేవాడు, సాయంత్రం ఇంటికొచ్చి తన తాళం తప్పేవాడు. ఈ మాట అన్నది ఆయన భార్యే. అని నవ్విందీ ఆవిడే, వీధి మలుపు దాకా వినపడేటట్టు.

ఆ ఎలక్ట్రిక్ గిటార్ కొనిపెట్టింది కూడా ఆవిడే. యాభై దాటిన మొగుడు బల్ల మీదా, తలుపు మీదా, చివరికి తన వీపు మీదా వేళ్ళతో దరువేస్తుంటే ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది? "ఇక నా వీపు వదిలి దీని వెంట పడండి" అని గిటార్ తెచ్చి ఒళ్ళో పెట్టింది. దాంతోపాటు శబ్దం పెంచే నల్లటి స్పీకరు ఒకటి వచ్చింది. ఇంట్లో దాని పేరు 'పెట్టె'.

నేర్పింది ఒక బ్యాండులో వాయించే అమ్మాయి. వయసులో ఆయనకి సగం, ఓపికలో రెట్టింపు. ఆయన "టీచరమ్మా" అంటే ఆమె "అంకుల్" అనేది. కొన్నాళ్ళకి ఆర్పీజియో ఇచ్చింది. అంటే ఒక కార్డులోని, కలిపి మోగించే స్వరాల గుత్తిలోని, స్వరాల్ని గుంపుగా తోసెయ్యకుండా, మెట్లు దిగినట్టు ఒకదాని తర్వాత ఒకటి పలికించడం. దానికి తీగలు మీటే చిన్న బిళ్ళ, పిక్‌ని, ఒక్కో తీగ దగ్గరా ఆపకూడదు, ఐదు తీగల మీదుగా ఒకే ఊపులో జార్చాలి. వాయించేవాళ్ళు దాన్ని ఊడ్చడం అంటారు.

"ఇంట్లో ఏనాడూ చీపురు ముట్టని మనిషి తీగలు ఊడుస్తాడట!" అంది భార్య.

"వెటకారం ఆపు. దీన్ని ఆర్పీజియో అంటారు."

"ఆర్పేజియోనా? లైటు ఆర్పడమే రాదు మీకు! రోజూ లేచి ఆర్పేది నేనేగా!"

భార్య చెల్లెలు కింది వాటాలో ఉంటూ బట్టలు కుట్టేది, ఆమె మిషన్ ఆపి మరీ నవ్వింది. ఆ ఇంట్లో జోకులు మెట్లు దిగడానికి ఆర్పీజియోలు అక్కర్లేదు.

"పెట్టె పెట్టుకునే సాధన చెయ్యండి అంకుల్, చిన్నగానైనా సరే" అని చెప్పి పంపింది టీచరమ్మ. ఆయన తల ఊపాడు. ఆ తర్వాత తల సంగతే వచ్చిపడింది, ఆయనది కాదు, భార్యది.

తలలో ఏదో పెరిగిందన్నారు. ఆపరేషన్ చేశారు. అప్పటినుంచి ఆవిడకి శబ్దం పడలేదు. వంటింట్లో గరిటె జారితే రెండు చేతులతో తల పట్టుకుని ముడుచుకుపోయేది. వీధి మొత్తానికీ పెద్ద గొంతున్న ఇల్లు గుసగుసల్లోకి దిగిపోయింది. తాళాలాయన కాలింగ్ బెల్ వైరు పీకేశాడు. తలుపు బందుల్లో నూనె పోశాడు. చెప్పులు మెట్ల కిందే విడిచి పైకొచ్చేవాడు. అక్క పడుకునే వేళల్లో మరదలు మిషన్ మూసేసి చేత్తో కుట్టేది. పెట్టె మీదకి మడతపెట్టిన దుప్పటి ఎక్కింది.

పాఠాలు ఆగిపోయాయిగానీ సాధన ఆగలేదు. సాయంత్రాలు మంచం పక్కన స్టూలు వేసుకుని, పెట్టె లేకుండానే వాయించేవాడు. పెట్టె లేని ఎలక్ట్రిక్ గిటార్ అంటే గొంతు పోయిన గాయకుడే. లోపల బోలు లేని చెక్క, దానికి సొంతంగా పలకడం చేతకాదు. చెయ్యిచాపు దూరంలో వినిపించేది పిక్ చేసే టిక్ టిక్ మాత్రమే.

"దోమ పాడుతున్నట్టుంది" అంది భార్య కళ్ళు మూసుకునే. "కుట్టట్లేదుగా. కానివ్వండి."

ఆయన పనిలో చెవికి పెద్ద పని లేదు. బిగిసిన తాళంలోకి సన్నటి తీగ దూర్చి, లోపల పిన్ను ఎక్కడ ఒరిగిందో వేలితోనే పట్టేస్తాడు. వేలు సరేనంటే సరే. గిటార్‌నీ అలాగే పట్టాడు. ఎడమచేతి వేలు తన చోట పడిందా, కుడిచేతి పిక్ తన తీగ దాటిందా, అంతవరకే. నెలలు గడిచేసరికి టిక్ టిక్‌లు చూరు నీళ్ళలా సమంగా రాలడం మొదలుపెట్టాయి. రెండు చోట్ల మాత్రం వేలు రవ్వంత ఆలస్యంగా పడేది. ఆ రెండూ ఆయనకి కంట్లో నలుసులు.

"పెట్టెలో పెట్టి ఎప్పుడు వినిపిస్తారు?" అని అడిగేది భార్య.

"శుభ్రంగా వచ్చాక."

"శుభ్రం శుభ్రం అంటూ నన్ను ఉతికేస్తున్నారు."

ఒక పొద్దున ఆవిడ తనంతట తాను లేచి కూర్చుంది. కిటికీ తెరవమంది. కింద ఎవరో హారన్ కొట్టినా మొహం చిట్లించలేదు.

"ఇవాళ తల ఖాళీగా ఉందండీ, అద్దెకిచ్చేలా ఉన్నా" అంది. "పెట్టండి ఆ పెట్టె. ఒక్కసారి విని పడుకుంటాను."

తాళాలాయన దుప్పటి తీశాడు. వైరు ఒక కొస గిటార్‌లో గుచ్చాడు. రెండో కొస చేతిలో ఉంది, పెట్టె మీట బొటనవేలికి అందేంత దూరంలో ఉంది. అప్పుడు గుర్తొచ్చాయి ఆ రెండు చోట్లు.

"ఆదివారం దాకా ఆగవే" అన్నాడు. "రెండు చోట్ల తట్టుకుంటోంది. ఇన్నాళ్ళు ఆగి, మొదటిసారే తప్పు వినడమెందుకు?"

"తప్పు వాయిస్తే నేనేమన్నా పోలీసుల్ని పిలుస్తానా?"

"నాలుగు రోజులే కదే."

ఆవిడ కాసేపు ఆయన చేతిలోని వైరు వంక చూసింది. "సరే, మీ ఆదివారం మీ ఇష్టం" అని గోడవైపు తిరిగి పడుకుంది.

శనివారానికల్లా ఆ రెండు చోట్లూ కుదిరాయి. ఆవిడే కుదుటపడలేదు. ముందు రోజు రాత్రి నుంచే ఆసుపత్రిలో ఉంది. ఆయన పరుగున ఇంటికొచ్చి, బట్టలు సర్దుకునే తొందరలోనే ఒకసారి గిటార్ ఒళ్ళోకి తీసుకుని చూశాడు. ఎక్కడా తట్టుకోలేదు. తిరిగి వెళ్ళి ఆ సంగతి చెబితే, ఆవిడ ఆయన్ని ఎవరో అనుకుని మర్యాదగా నవ్వింది. ఆదివారం వచ్చేసరికి ఆ నవ్వూ లేదు, ఆవిడా లేదు.

చాన్నాళ్ళు గిటార్ సంచిలోనే ఉండిపోయింది. దుకాణం తెరిచాక కూడా ఆయన నోరు తెరవలేదు. చివరికొక రోజు గిటార్ భుజాన వేసుకుని టీచరమ్మ దగ్గరికి వెళ్ళాడు. శుభ్రంగా వచ్చింది కదా, ఎవరో ఒకరు వినాలి. అంతకుమించి కోరికేమీ లేదు.

వాద్యాల దుకాణం వెనక చిన్న గది, నేలంతా వైర్లు. ఆయన్ని చూడగానే టీచరమ్మ లేచి నిలబడింది, కుర్చీ తుడిచింది. గిటార్‌కి తనే వైరు గుచ్చి మీట నొక్కింది.

తాళాలాయన ఊపిరి బిగబట్టి పిక్ జార్చాడు. వేళ్ళు ఒక్కటీ తప్పలేదు. వచ్చింది మాత్రం ఆర్పీజియో కాదు. మెట్టు మెట్టూ దిగాల్సిన స్వరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి, మెట్ల మీంచి కట్టగట్టుకుని దొర్లాయి. గది నిండా రొద. ఆయన గిటార్ వైపు అనుమానంగా చూసి మళ్ళీ వాయించాడు. మళ్ళీ అదే రొద.

"పెట్టె లేకుండా సాధన చేశారా అంకుల్?"

"ఇంట్లో శబ్దం పడేది కాదమ్మా."

"తెలుసు." ఆమె మెల్లగా ఆయన ఎడమచెయ్యి పట్టుకుంది. "పలికిన తీగ మీంచి వేలు వెంటనే వదులు చెయ్యాలి. దాటొచ్చిన తీగల్ని కుడి అరచేత్తో ఆపాలి. లేకపోతే పాతవన్నీ మోగుతూనే ఉంటాయి. మీ చేతులు మోగించడం బాగా నేర్చుకున్నాయి, ఆపడం నేర్చుకోలేదు. పెట్టె లేకపోతే ఇది వినపడదు."

"ఆ రెండు చోట్లేనా?"

"రెండు కాదు అంకుల్. మొత్తం."

ఆయన ఒక్కో తీగనీ వేలితో తడిమాడు. "ఇంకో వారం చేసుంటే..."

"ఇంకో ఏడాది చేసినా ఇంతే. మొదటిరోజే పెట్టి ఉంటే..." అని నాలుక కరుచుకుంది టీచరమ్మ. అప్పటికే అనేసింది.

తాళాలాయన నడిచి ఇంటికొచ్చాడు. దారంతా ఆ పొద్దుటి వైరే చేతిలో ఉన్నట్టుంది. ఆ రోజు మీట నొక్కి ఉంటే ఈ రొదే వచ్చేది. ఆవిడ తల పట్టుకునేది, ఆ తర్వాత పొట్ట పట్టుకునేది. "ఇన్ని నెలలూ ఊడ్చింది ఇదేనా? చెత్తంతా అక్కడే ఉంది కదండీ!" అనేది. ఎన్నాళ్ళుగానో మూతపడిన ఆ పెద్ద గొంతుతోనే అనేది. మంచిది వినిపిద్దామని దాచాడు. దాచిందంతా తప్పే. ఆ తప్పు ఆవిడ చెవిన పడి ఉంటే ఎంత ఒప్పుగా ఉండేది!

మిట్టమధ్యాహ్నం. మెట్ల కింద చెప్పులు విడిచి పైకెళ్ళాడు. మంచం అలాగే ఉంది, స్టూలు అలాగే ఉంది. దుప్పటి తీశాడు, వైరు రెండు కొసలూ గుచ్చాడు. మీట నొక్కి, శబ్దం ఎంతదాకా పోతుందో అంతదాకా తిప్పాడు. స్టూలు మీద కూర్చుని పిక్ జార్చాడు.

కిటికీ అద్దాలు అదిరాయి. స్వరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి దొర్లాయి. మళ్ళీ వాయించాడు. ఇంకోసారి వాయించాడు.

మెట్ల మీద అడుగులు దబదబా పరిగెత్తుకొచ్చాయి. మెడలో కొలత టేపు, చేతిలో దారం ఎక్కించిన సూదితో మరదలు గుమ్మంలోకి దూసుకొచ్చింది.

"బావా, ఆపు బావా! అక్క లేస్తుం..."

ఆపమని ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. చూపు మంచం మీదకి వెళ్ళింది, అక్కణ్ణుంచి రాలేదు.

"లేవనీ" అన్నాడు తాళాలాయన.

ఆపాల్సిన తీగలు ఇంకా మోగుతూనే ఉన్నాయి. అవి వాటంతటవి సద్దుమణిగేదాకా ఇద్దరూ కదల్లేదు. మరదలు గుమ్మంలోనే చతికిలబడింది.

"అక్క వింటానన్నది ఇదేనా బావా?" అని గుసగుసగా అడిగింది.

గట్టిగానే అడగవచ్చు, ఇప్పుడు ఎవరి తలా నొప్పెట్టదు అని చెబుదామనుకున్నాడు ఆయన. తల ఊపి, పిక్ మళ్ళీ మొదటి తీగ మీద పెట్టాడు.