ఎర్ర దారం విప్పిన సీసా

ఓ గ్లాసుడు నీళ్లు నా ముందు పెట్టండి. అందులో ఉప్పు కరిగిందా, పంచదార కరిగిందా, పటిక కరిగిందా, నాలుకకు తగలనివ్వకుండా చూపుతోనే చెప్పేస్తాను. ఐదో తరగతిలో మా మాస్టారు బల్ల మీద ఏడు గ్లాసులు వరసగా పెడితే, ఏడింటి గుట్టూ విప్పిన వాణ్ణి. ఎనిమిదోది కూడా పెట్టేవారే గానీ, గ్లాసులు అయిపోయాయి.

ఈ గొప్ప వినీ వినీ మా కోడలికి విసుగు. "మీ కళ్లు అంత గొప్పవైతే ఆ కళ్లజోడెందుకు మావయ్యా?" అంటుంది.

మా కోడలు వెనక వరండాలో సబ్బులు చేస్తుంది. మావాడు లారీ ఎక్కితే పది రోజులకు గానీ దిగడు. ఆ పది రోజులూ ఇంటికి యజమానీ పనిమనిషీ ఆవిడే, కాపలాదారుణ్ణి నేను. ఆ కాపలా ఎలా కాశానో చెప్పడానికే ఈ కథ.

ఆ రోజు పొద్దున ఆమె ముక్కుకు గుడ్డ కట్టుకుని, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, స్టీలు గిన్నెలోని నీళ్లలో కాస్టిక్ సోడా పలుకులు కొంచెం కొంచెంగా వేస్తోంది. కింద పొయ్యి లేదు, నిప్పు లేదు. గిన్నెలోంచి ఆవిరి లేస్తోంది!

"ఇదేం కనికట్టమ్మా?" అన్నాను.

"కనికట్టు కాదు మావయ్యా, కరగడం. నీటి కణానికి ఒక కొసన కాస్త ప్లస్, ఇంకో కొసన కాస్త మైనస్ ఉంటాయి. ఈ పలుకులోనూ ప్లస్‌లూ మైనస్‌లే ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని కూర్చున్నాయి. నీటి కణాలు చుట్టూ మూగి, ఒక్కొక్కదాన్నీ విడదీసి లాక్కుపోతాయి."

"మరి నూనెను లాక్కుపోవేం?"

"నూనెకు అలాంటి కొసలు లేవు. నీళ్లకు పట్టు చిక్కదు."

"నీ మొగుడిలాగన్నమాట. సరే, ఈ వేడెక్కణ్ణుంచి వచ్చింది?"

నవ్వు ఆపుకుంటూ చెప్పింది. పలుకును విడదీయడానికి కొంత శక్తి ఖర్చవుతుందట. నీళ్లు ఆ ముక్కల్ని చుట్టేసుకున్నప్పుడు అంతకంటే ఎక్కువ శక్తి బయటికొస్తుందట. ఆ మిగులే వేడి. అన్నీ ఇలా వేడెక్కవట, కొన్ని కరిగితే నీళ్లు చల్లబడతాయట కూడా.

కాసేపటికి గిన్నెలోకి తొంగిచూశాను. పలుకు అన్నది లేదు. తేటగా, అద్దంలా ఉంది. "మాయమైపోయిందే!" అన్నాను.

"ఎక్కడికీ పోలేదు మావయ్యా. కనబడటం మానేసింది, అంతే."

ఆ మాట ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాను. ఆ తర్వాత ఆమె, వేడి కాస్త తగ్గాక, ఎప్పటిలాగే దాన్ని ఖాళీ మంచినీళ్ల సీసాలోకి వంచి, మెడకు ఎర్ర దారం చుట్టింది. ఎర్ర దారం ఉంటే ముట్టుకోకూడదు. అది మా ఇంటి గుర్తు. అరుగు మీద పెట్టి, నూనె వేడి చేయడానికి లోపలికెళ్లింది. పక్కనే తాగే నీళ్ల సీసా, అచ్చం అలాంటిదే.

మీరు నవ్వకండి. మీ స్నానాలగది మూల ఓసారి చూసి రండి, నేను ఆగుతాను. శీతల పానీయం సీసాలో యాసిడ్ లేదూ? షర్బత్ సీసాలో ఫినాయిల్ లేదూ? ఉంటుంది. ఖాళీ సీసా పారేయడానికి మనకు చేతులు రావు.

నేను పేపరు చదువుతుంటే కళ్లజోడు కాడ ఊడి ఒళ్లో పడింది. కట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చూస్తే, చేతికందే దూరంలో ఎర్ర దారం. ఏ సీసా ఏదో నా కళ్లకు తెలియదా! విప్పి, కాడకు బిగించి, మళ్లీ పేపర్లో పడ్డాను.

ఇంతలో మా నీళ్ల మోటారు బాగుచేస్తున్న మెకానిక్ వచ్చాడు. చెమటతో తడిసి ముద్దయ్యాడు.

"నీళ్లు పడుతున్నాయి తాతా, పైపు వదిలి చూస్తున్నా. గొంతెండిపోతోంది. తాగడానికి కాసిని?"

"ఇదిగో" అని చెయ్యి చాచి, ఆగాను. రెండు సీసాలు. రెండూ తేట. దారం నా చెవి దగ్గరుంది.

చెప్పొచ్చు కదా, నాకు తెలియదని? కోడల్ని పిలవొచ్చు కదా? డెబ్బై నాలుగేళ్లొచ్చాయి, 'తెలియదు' అనే మాట మాత్రం నోటికి రాలేదు. రెండింటినీ మూతలు పట్టుకుని వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి, ఒకటి అందించాను. "ఇది."

అతను పట్టుకున్నాడు. "వేడిగా ఉందేంటి తాతా?"

"ఎండలో పెట్టాం కదా. తాగు, గొంతుకు మంచిదే."

మూత తిప్పాడు. గట్టిగా ఉన్నట్టుంది, ఇంకోసారి తిప్పాడు. నా చెయ్యి ఊరికే రెండో సీసా మీద పడింది.

అది చల్లగా ఉంది.

ఒకే అరుగు. ఒకే ఎండ. ఒకటి వేడి, ఒకటి చల్లన. పొద్దున గిన్నెలోంచి లేచిన ఆవిరి కళ్ల ముందు లేచింది. సీసా అతని పెదవుల దాకా వెళ్లింది. నేను పులిలా ఒక్క దూకు దూకి, సీసాను కొట్టి పడేశాను.

సీసా ఎగిరి, అతను మెట్టు మీద పెట్టుకున్న అల్యూమినియం టిఫిన్ డబ్బా మీద ఒలికింది. డబ్బా బుస్సుమంది. మూత మీద బుడగలు పొంగాయి, మెరుపంతా నల్లబడింది. అప్పటికి మా కోడలూ అక్కడే ఉంది. ముగ్గురం దానివంకే చూశాం.

మెకానిక్ మెట్టు మీద కూలబడ్డాడు. "నాకు మూడేళ్ల కూతురుంది తాతా. నేను కాబట్టి వేడిగా ఉందని అడిగాను. అదైతే అడగదు. తాగేస్తుంది."

మా కోడలు నా కళ్లజోడు వంక చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"తప్పు మొదట నాది మావయ్యా. తాగే సీసాలో పోశాను. మనింటి దారం మనకు తెలుసు, గుమ్మంలోకి వచ్చిన మనిషికేం తెలుసు? కరిగినది కంటికి కనబడదు. విషమైనా అంతే, పంచదారైనా అంతే. కనబడనంత మాత్రాన లేనట్టు కాదు. అందుకే దాని పేరు సీసా మీద కనబడాలి. తెలియనప్పుడు, తెలియదని మన నోట్లోంచి వినబడాలి."

ఇప్పుడు మా ఇంట్లో కాస్టిక్ నీళ్లకు తెల్లటి మందపాటి డబ్బా ఉంది. దాని మీద 'విషం, తాగరాదు' అని అరచేతంత అక్షరాలతో రాసింది నేనే. కింద పుర్రె బొమ్మ కూడా వేశాను. నా పోలికలొచ్చాయంటుంది కోడలు. దాన్ని తాళం వేసిన బీరువాలో పెడుతుంది. తాళంచెవి నాకివ్వదు.

మాస్టారి గ్లాసుల సంగతీ చెప్పేస్తాను. ఏడు కాదు, రెండు. రెండూ తప్పు చెప్పాను. క్లాసంతా నవ్వింది.

ఇంకొక్క కల్పన మిగిలింది, అది మాత్రం నవ్వుతూ చెప్పలేను. పులిలా దూకింది నేను కాదు. సీసా చల్లదనం నా వేళ్లకు తెలిసింది, కాళ్లు కదల్లేదు, నోరు పెగల్లేదు. లోపల నూనె దగ్గర, తొడుగులు తీసేసి ఉన్న మా కోడలు 'వేడిగా ఉందేంటి' అన్న మాట విని పరుగెత్తుకొచ్చి వట్టి చేత్తో కొట్టింది. ఒలికింది డబ్బా మీద ఒక్కటే కాదు. మెకానిక్ అప్పుడే బాగుచేసిన మోటారు పైపు కింద ఇరవై నిమిషాలు ఆమె ముంజేయి పట్టుకుని కూర్చున్నాను, నీళ్లు కట్టేయకుండా.

ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. దాన్ని చూడ్డానికి నాకు కళ్లజోడు అక్కర్లేదు.