జాలీ కింద జిడ్డు

పొడుగోడి శవం ఇంకా ఆస్పత్రి గుమ్మం దాటలేదు, ఇక్కడ ఫ్యాక్టరీలో అతన్ని లోపలికి లాక్కున్న రోలర్ల ముందు ఇనుప జాలీ బిగించేశారు. బిగించింది ఎవరో కాదు, మన ఫిట్టరే. మేనేజరు వెనక నిలబడి "కానీ, కానీ" అంటుంటే నాలుగు బోల్టులూ తిప్పాడు. జాలీ పెట్టండి మహాప్రభో అని ఇరవై ఏళ్లు మొత్తుకున్నా వినని కంపెనీకి, మనిషి పోయిన గంటలో బుద్ధొచ్చింది. మర్నాడు రిపోర్టు రాసింది: జాలీ మొదట్నించీ ఉంది, తాగొచ్చి తనే ఊడదీసుకున్నాడు.

పొడుగోడు టీ తప్ప ఎరగడు. అతని భార్య కేసు వేసింది. "నాకు పైసా ఇవ్వకపోయినా సరే, ఆ మాట తుడిచెయ్యాలి. నా పిల్లని బళ్ళో తాగుబోతు కూతురంటున్నారు" అంది.

ఈలోగా కంపెనీ దివాలా తీసింది. ఆస్తులమ్మి పెట్టడానికి కోర్టు లిక్విడేటరును వేసింది. ఇక ఆ కంపెనీ మీద ఎవరు కేసు నడపాలన్నా ముందు ఆ కోర్టు అనుమతి కావాలట. అనుమతికి అర్జీ, అర్జీకి వాయిదా. ఆమె చెప్పులరిగేలా తిరిగింది. తోడు వెళ్ళేది ఫిట్టరే.

"చచ్చిన కంపెనీకి ఇంత కాపలా ఏంటన్నా?" అని ఆమె అడిగితే, ఫిట్టరు అర్జీ కాగితాల మడతలు సరిచేసేవాడు.

ఓ పొద్దున మిషన్లు తుక్కు కింద ఎత్తుకుపోవడానికి లారీ, క్రేను వచ్చాయి. షెడ్డులో జనం పోగయ్యారు.

"అమ్మనివ్వండి. మన జీతాలు అందులోంచే రావాలి" అన్నాడు వెల్డరు.

"రోలర్లు పోతే ఆమె సాక్ష్యం పోతుందయ్యా" అన్నాడు యూనియన్ కార్యదర్శి.

"ఏం సాక్ష్యం? జాలీ కనబడుతూనే ఉందిగా."

ఫిట్టరు పానా తీశాడు. జాలీ విప్పి పక్కన పెట్టాడు.

"వేలు పెట్టి చూడండి. దీని కాళ్ల కింద ఇరవై ఏళ్ల జిడ్డు. మొదట్నించీ జాలీ ఉంటే దాని కిందకి జిడ్డెలా పోయింది? వాడు పోయాక నేనే బిగించాను. తుడవకుండా ఏదీ బిగించనివాణ్ణి, ఆ రోజు కావాలనే తుడవలేదు."

పొడుగోడి భార్య జనంలోంచి ముందుకొచ్చింది. "ఏడాది నా పక్కనే కూర్చున్నావు కదన్నా."

"ఉద్యోగం పోతుందని, చెల్లెమ్మా."

"పోయిందిగా."

వెల్డరు వేలు పెట్టి చూశాడు. నల్లబడ్డ వేలితోనే వెళ్ళి లారీ ముందు కూర్చున్నాడు. ఒకరి తర్వాత ఒకరు డెబ్బై మంది వేలు పెట్టి, వెళ్ళి కూర్చున్నారు. మధ్యాహ్నానికి పోలీసులొచ్చి అందర్నీ ఈడ్చేశారు. రోలర్లు లారీ ఎక్కాయి. సాక్ష్యం మార్చాడని ఫిట్టరును అరెస్టు చేశారు.

"నా మీద కేసుకు కోర్టు అనుమతి అక్కర్లేదా సారూ?" అన్నాడు వ్యానెక్కుతూ.

"నువ్వేమన్నా కంపెనీవా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆమె స్టేషనుకొచ్చి కటకటాల ముందు నిలబడింది. "నేను మర్చిపోనన్నా. కానీ ఆ జాలీ మాట కోర్టులో కూడా చెప్పు" అని వెళ్ళిపోయింది.

వాయిదా నాటికి రోలర్లు కొలిమిలో కరిగిపోయాయి. అర్జీ మళ్ళీ వాయిదా పడింది. కోర్టు మెట్ల మీద కూర్చున్న డెబ్బై మందిని చూసి బంట్రోతు కంగారుపడ్డాడు.

"ఇంతమంది ఏంటి? అనుమతి ఉందా?"

"లేదు. మేం సాక్షులం" అన్నాడు వెల్డరు, కాస్త పక్కకి జరిగి పొడుగోడి భార్యకి చోటిస్తూ.

ఆమె కూర్చుంది. పొమ్మన్నా ఎవరూ లేవలేదు.