అట్టముక్క కింద బటను

మూడో అంకె వేసి ఆపరేటరు ఓరకంట వెనక్కి చూశాడు. వెనక కుర్చీలో కూర్చున్న అమ్మాయి మళ్ళీ ఏదో రాసుకుంది.

పందొమ్మిదేళ్ళుగా ఆయన పని ఒకటే. పైన ఎంత వాన పడితే జలాశయం ఎంత నిండుతుందో కంప్యూటర్లో ముందే నడిపి చూసి, గేట్లు ఎప్పుడెత్తాలో కింద గేట్ల గదికి చెప్పడం. ఆ సాఫ్ట్‌వేరు తయారుచేసిన మహానుభావుడెవరో గానీ 'రన్', 'క్లియర్' బటన్లు రెంటినీ ఒకే రంగులో, పక్కపక్కనే పెట్టి పోయాడు. ఒకటి నొక్కితే లెక్క నడుస్తుంది. రెండోది నొక్కితే పొద్దుటినుంచి వేసిన అంకెలన్నీ, మాటైనా అడగకుండా, గంగలో కలుస్తాయి. అందుకే ఆయన తన గుండె మాత్రల డబ్బా చించి, ఆ అట్టముక్కను తెర మీద క్లియర్‌కు అడ్డంగా టేపుతో అతికించాడు. మౌసు బాణం అట్ట చాటుకు పోయిందంటే చెయ్యి ఆగాలన్నమాట.

అమ్మాయిని పై ఆఫీసు పంపింది. "మీరు మామూలుగా పని చేసుకోండి సార్, నేను చూస్తానంతే" అంది. చూడటానికి కాగితమెందుకు? తప్పులు ఏరి తన ఉద్యోగానికి ఎసరు పెట్టడానికే వచ్చిందని ఆయన తేల్చేసుకున్నాడు. సర్వీసు ఇంకా రెండేళ్ళుంది.

భోజనాల వేళ భార్య ఫోను చేసింది.

"మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నాలే. వెనకాల ఒకమ్మాయి కూర్చుని నేనేం నొక్కినా రాసుకుంటోంది."

"నవ్వుతూ మాట్లాడుతోందా? అయితే మరీ జాగ్రత్తండీ!"

ఫోను పెట్టేసి, అమ్మాయి వచ్చేలోగా అట్ట పీకి జేబులో వేసుకున్నాడు. అట్ట అడ్డం పెట్టుకునేవాడికి పని రాదని రాస్తే?

మూడు గంటలకు క్లియర్ నొక్కేశాడు.

తెర తెల్లబడింది.

"అయ్యో, అట్ట ఎందుకు తీశారు సార్?"

అమ్మాయి కాగితం ఆయన వైపు తిప్పింది. ఆయన తప్పు ఒక్కటీ లేదందులో. అట్టముక్క బొమ్మ ఉంది. దాని కింద, 'తప్పు బటనుది. దూరంగా జరపాలి. ఎక్కడికో ఈయన్నే అడగాలి' అని రాసుంది.

ఆయనకు సిగ్గేసింది. పొద్దుటి అంకెలన్నీ ఆమె తను రాసుకున్నవాటిలోంచి చదువుతుంటే మళ్ళీ వేశాడు. క్లియర్ ఎక్కడుండాలో వేలుపెట్టి చూపించాడు. గేట్ల గదికి కబురు చెప్పి, అట్టను యథాస్థానంలో అతికించాడు. అయినా వెళ్ళబోతూ ఆ కాగితం వెనకవైపు కూడా తిప్పి చూశాడు. ఏమీ లేదు.

మర్నాడు ఆయన నిద్ర లేవలేదు.

కొన్ని నెలలకు కొత్త సాఫ్ట్‌వేరు వచ్చింది. క్లియర్ ఆయన చూపించిన మూలకే పోయింది, నొక్కితే 'నిజంగా చెరపమంటారా?' అని అడుగుతోంది. పాతచోట మాత్రం టేపు అంచులు లేచిన అట్టముక్క, సగం తెగిన మాత్ర పేరుతో, కింద ఏమీ లేకపోయినా అలాగే అంటుకుని ఉంది.