గింజ మిగలని వత్తులు

తోటలో ఏ కార్యక్రమం పెట్టినా దుర్గాంబ తప్పకుండా వచ్చేది. సాయం చెయ్యడానికనుకునేరు, కాదు, నవ్వుకోవడానికి. గుంటూరులో ముప్ఫై ఒక్కేళ్ళు బోటనీ చెప్పి రిటైరైన మనిషి. ఊరి బయట హైవే పక్కన ప్రభుత్వం వృక్షోద్యానం తెరిచిన నాటినుంచీ, పైసా తీసుకోకుండా వారానికి నాలుగు రోజులు వచ్చి మొక్కలకు పేర్ల రేకులు రాసేది, పాదులు చూసేది, తెగులు కనిపెట్టేది. మొక్కలంటే ప్రాణం. ఆ మొక్కల్ని చూడ్డానికొచ్చే జనమంటే మాత్రం ఒళ్ళుమంట.

ఆ మంట ఎలాంటిదో తెలియాలంటే నిరుడు జరిగింది చెప్పాలి. నిరుటి గ్రీన్ ఫెస్ట్‌లో 'చెట్టును కౌగిలించుకుందాం' అని ఒక ముచ్చట పెట్టారు. ఊళ్ళో పెద్దమనుషులు, వాళ్ళ భార్యలు, ఇద్దరు డాక్టర్లు, ప్లాట్లు అమ్ముకునే ఓ ఆసామీ వరసగా వచ్చి, కళ్ళు మూసుకుని, నల్లమద్ది చెట్టును వాటేసుకున్నారు. ఆ చెట్టు మీదికి దురదగొండి తీగ పాకింది. కాయలు ఎండి నూగు రాలుతోంది. దుర్గాంబకు పొద్దున్నే కనబడింది. చెప్పొచ్చుగా? చెప్పలేదు. బెంచీ మీద కూర్చుని, ఫ్లాస్కులో కాఫీ ఒంపుకుని, కన్నార్పకుండా చూసింది. ఐదు నిమిషాల్లో పట్టుచీరలూ ఖద్దరు చొక్కాలూ చేతులూ మెడలూ గోక్కుంటూ కుళాయిల దగ్గరికి పరుగో పరుగు! "చెట్టు కూడా వాళ్ళని తిరిగి కౌగిలించుకుంది" అని ఏడాదిపాటు కనబడ్డవాళ్ళందరికీ చెప్పి నవ్వింది.

తోటపని చేసే వెంకటేశ్వరమ్మ మాత్రం నవ్వలేదు. "పసిపిల్లలు కూడా ఉన్నారు గదమ్మా. ఒక్క మాట అనుంటే పొయ్యేది" అంది.

"చెవిటివాడి ముందు శంఖం ఊదడం నాకు చేతకాదు" అంది దుర్గాంబ.

లోకాన్నంతా అలా ఈసడించే మనిషికి ఆ తోటలో ప్రాణానికి ప్రాణమైంది ఒక్కటే ఒక్కటి. నీళ్ళతొట్టి పక్కన మూలకి నిలబడ్డ చెట్టుపత్తి. ఇప్పుడు చేలల్లో వేసే పత్తిలా ఒక పంట తీసి పీకేసేది కాదది. ఏళ్ళ తరబడి పెరట్లో బతుకుతూ, ఇంటి దీపానికి వత్తులిచ్చే పాతకాలపు మొక్క. పదకొండేళ్ళ కిందట సింగరాయకొండ దగ్గర రోడ్డు వెడల్పు చేస్తూ ఇళ్ళు కొడుతుంటే, ఓ పెరట్లో పొక్లెయిను పళ్ళకింద పడబోయిన జానెడు మొలకను తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. ఆ తర్వాత ఎన్ని ఊళ్ళు తిరిగినా అలాంటిది ఇంకొకటి కంటబడలేదు. ఇంత పత్తినేలలో, ఆమెకు తెలిసి, మిగిలింది అదొక్కటే.

మరి గింజలు నలుగురికీ పంచిందా? ఎందుకు పంచుతుంది! వ్యవసాయ కాలేజీ కుర్రాళ్ళు వచ్చి అడిగితే, "మీ చేతిలో పడితే వారంలో చస్తుంది, పొండి" అంది. తోటలో కార్యక్రమాలు చూసే అధికారి శరణ్య, నిండా ముప్ఫై లేని పిల్ల, "విత్తనాలు దాచి ఊళ్ళకి ఇద్దాం మేడమ్" అంటే, "ముందు మీ ఆఫీసు కుండీలో తులసిని బతికించు" అంది. వెంకటేశ్వరమ్మ రెండంటే రెండు గింజలడిగితే, "మీ మేకలకి పెట్టుకోవడానికా?" అంది. పేరు రేకు మీద కూడా లాటిన్ ముక్కే రాసింది. తెలుగులో రాస్తే జనానికి తెలిసిపోయి పీక్కుపోతారట.

పోనీ తనైనా దాచుకుందా అంటే, చెట్టుండగా గింజెందుకు? ఏటా కాయ పగలగానే ఒక్కటి వదలకుండా కోసుకెళ్ళేది. మంచం మీద కూర్చుని గింజా దూదీ విడదీసి, గింజలన్నీ పాలవాడి గేదెకి పంపేది. దూదితో వత్తులు చేసేది. ఏం వత్తులవి! మల్లెమొగ్గల్లా ఉండేవి. గింజ కాదు కదా, గింజ మీది నలుసు కూడా వెతికినా దొరకదు. కార్తీకమాసానికి వెంకటేశ్వరమ్మకు కూడా దోసెడు వలవని పత్తి విదిలించేది. ఆవిడ చేసుకున్నవి చూసి ముక్కు విరిచేది.

"ఇవి వత్తులా, వడియాలా? గింజలు లోపలే ఉన్నాయి. దేవుడికి వెలిగించేవి ఇలాగేనా చెయ్యడం?"

"వలిచే తీరిక మీకుంది, మాకేడుందమ్మా. దేవుడు వేలుపెట్టి చూడ్డులే" అనేది వెంకటేశ్వరమ్మ.

ఈ ఏడు ఫిబ్రవరిలో మళ్ళీ గ్రీన్ ఫెస్ట్ వచ్చిపడింది. పొద్దున్నే శరణ్య పరుగెత్తుకుంటూ వచ్చింది. "మేడమ్, కాయ తీసేశాక మిగిలే పత్తిమోళ్ళు చేలో తగలబెట్టకుండా ఎరువు చెయ్యడం ఎలాగో చూపిస్తున్నాం. ప్రత్తిపాడు వైపు నుంచి కోటేష్ గారని రైతు వస్తున్నారు. మనం నమూనాకి వేసిన పత్తిమడి పీకిస్తారు. కాలేజీ పిల్లలు నలభై మంది. పని మొదలెట్టే ముందు మీరు పది నిమిషాలు మాట్లాడరూ? తోటలో ఏం ముట్టుకోవచ్చు, ఏం కూడదు, అంతే."

"ముప్ఫై ఒక్కేళ్ళు చెప్పానమ్మా. ఎవడి బుర్రకెక్కింది? ఇప్పుడు నీ మందకి కూడా పాఠం చెప్పాలా? వెళ్ళు, వెళ్ళి మైకులో ఊదుకో."

ఆ పిల్ల మొహం చిన్నబోయింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. దుర్గాంబ ఫ్లాస్కు తీసుకుని, పండగకి వీపు పెట్టి బెంచీ మీద కూర్చుంది. కూర్చునే ముందు మాత్రం ఒకసారి కలియజూసింది, ఏడాదికి సరిపడా నవ్వు పోగుచేసుకోవద్దూ! 'ప్లాస్టిక్‌ను తరిమికొడదాం' అని ప్లాస్టిక్ ఫ్లెక్సీ, దాన్ని కట్టింది ప్లాస్టిక్ తాడుతో. పంచే గుడ్డసంచులు ఒక్కొక్కటీ పాలిథిన్ కవరులో ఉన్నాయి. గాలి కాలుష్యం గురించి మాట్లాడటానికొచ్చిన ముఖ్య అతిథి కారు, లోపలి చల్లదనం పోకుండా, గంటన్నర నుంచీ ఇంజను ఆపకుండా గేటు దగ్గర రొద పెడుతోంది. ఛీ, వీళ్ళ బతుకులు! నలుగురు కలిసి భూమిని ఉద్ధరించేస్తారట.

మైకులో కొత్త గొంతు వినబడింది. రైతు గొంతు. "సంక్రాంతెళ్ళి నెల తిరిగినాక కూడా పత్తి మోడు నిలబడుందంటే కాయ తొలిచే గులాబీ పురుక్కి మనమే కొంప కట్టిచ్చినట్టయ్యా! మన చేనే గాదు, పక్కోడి చేను గూడా పోద్ది. ఎక్కడ కనబడ్డా పీకెయ్యాల్సిందే. ఒక్కటి గూడా వదలమాకండి!"

ఈ తోటలో మైకులోంచి బుర్రున్న మాట రావడం ఇదే మొదలు, అనుకుంది దుర్గాంబ. కాఫీ ఇంకో గుక్క తాగింది. వెనకాల మోళ్ళను ముక్కలు చేసే మిషను గరగరమంది. పిల్లలు కేకలేశారు. కాసేపటికి అంతకుముందు లేనంత గట్టిగా చప్పట్లు మోగాయి, ఈలలు కూడా. ఏదో ఘనకార్యమే వెలగబెట్టి ఉంటారులే, అనుకుని వెనక్కి తిరిగైనా చూడలేదు. వీళ్ళకి దేనికైనా చప్పట్లే.

అప్పుడొచ్చింది వెంకటేశ్వరమ్మ, రొప్పుతూ. "అమ్మా! తొట్టికాడ... మీ చెట్టు..."

ఆ నాలుగు మాటలకే కాఫీ కప్పు కింద పడింది. డెబ్బై ఏళ్ళ మనిషి ఎలా పరుగెత్తిందో ఆమెకే తెలియదు. తొట్టి పక్కన మోకాలి లోతు గుంట ఉంది. తడి మట్టి ఇంకా నల్లగా ఉంది. పక్కన గడ్డిలో పేరు రేకు బోర్లా పడుంది. కోటేష్ ఇనప గునపంలాంటి తన పీకుడు కర్రకి అంటిన మట్టి తుడుచుకుంటూ, నవ్వు మొహంతో నిలబడ్డాడు.

"గట్టిదేనండీ, నలుగురం పట్టాం. దీన్నొక్కదాన్నే వదిలేశారు మీవోళ్ళు..."

"కళ్ళు కనబడవా నీకు?" దుర్గాంబ గొంతు తోటంతా మోగింది. "పత్తి పండిస్తున్నానని చెప్పుకుంటావే, చెట్టుకీ మోడుకీ తేడా తెలియదా? పేరు రాసుంటే కూడా పీకుతావా? మనిషివా, పశువువా?"

కోటేష్ నవ్వు ఆగిపోయింది. పిల్లలంతా చుట్టూ చేరారు. "పేరంటే, ఈ రేకా అమ్మా? ఇదేందో నాకు తెలవదు, ఇంగ్లీషనుకున్నా" అన్నాడు మెల్లగా. "ఫిబ్రవరిలో నిలబడ్డ పత్తి మొక్కని పీకమని మాకు నేర్పింది కూడా మీలాంటి చదువుకున్నోళ్ళే. తప్పయింది, కాదన్ను. మీరు ఆ బెంచీ మీదనే ఉన్నారుగా? నా మాటలన్నీ విన్నారుగా? దీని జోలికి పోమాకురా కోటేషూ అని ఒక్క మాటంటే చెయ్యేసేవాణ్ణా?"

దుర్గాంబ మిషను పక్కన ఎరువు కుప్ప దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో తవ్వింది. కణుపున్న కొమ్మ ముక్క జానెడు దొరికినా నాటి చూసేది. మిషను అన్నిటినీ గోరంత ముక్కలు చేసి, మడి మోళ్ళతో కలిపేసింది. ఏది తన చెట్టో, ఏది పనికిమాలిన మోడో, ఇంత బోటనీ చదివిన మనిషికీ తెలియలేదు. కాయ దొరికే ఆశ అసలే లేదు. సంక్రాంతికి ముందే ఆఖరి కాయదాకా తనే కోసేసింది.

శరణ్య వచ్చి పక్కన కూర్చుంది. "మేడమ్, మీ దగ్గర గింజలు ఉంటాయి కదా?" అంది, ఆశగా.

దుర్గాంబ ఆటో ఎక్కి ఇంటికెళ్ళింది. మధ్యాహ్నం అన్నం లేదు, నీళ్ళు లేవు. వత్తుల డబ్బాలు ఐదూ మంచం మీద గుమ్మరించింది. ఒక్కొక్క వత్తినీ విప్పి, వేళ్ళతో నలిపి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ నలిపింది. తెల్లటి దూది. మరకలేదు, నలుసులేదు. గదంతా దూది పేరుకుంది గానీ ఒక్క గింజ, కనీసం తాలుగింజ, తగల్లేదు. ఎంత శుభ్రంగా చేశావే ముండా, ఎంత శుభ్రంగా చేశావు, అని తనను తనే తిట్టుకుని ఏడ్చింది. పాలవాడికి ఫోన్ చేసింది. "గేదె తిన్నదాన్ని ఎక్కణ్ణుంచి తెమ్మంటారమ్మా?" అన్నాడు వాడు.

అప్పుడు గుర్తొచ్చాయి, వడియాలు.

వెంకటేశ్వరమ్మ ఇల్లు తోట వెనక కాలనీలో. సాయంత్రం ఐదున్నరకి దుర్గాంబ ఆ గుమ్మంలో నిలబడింది. పదకొండేళ్ళలో ఎన్నడూ ఆ గడప తొక్కలేదు. లోపల దేవుడి పటం ముందు అప్పుడే వెలిగించిన దీపం, ఉండుండి, చిటపటమంటోంది. ఆ చప్పుడు ఏమిటో దుర్గాంబకు తెలుసు.

"ఆర్పెయ్యి! ముందది ఆర్పెయ్యి వెంకటేశ్వరమ్మా!"

"అయ్యో, దీపం ఆర్పమంటారేందమ్మా?"

"గింజ కాలిపోతోందే!"

వెంకటేశ్వరమ్మకు అర్థమైంది. దీపం ఆర్పలేదు గానీ, పటం వెనక నుంచి టీపొడి డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టింది. "ఇయ్యే మిగిలినయ్. ఏడుంటయ్. వడియాలన్నారుగా, చూసుకోండి."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. దుర్గాంబ చాప మీద కూలబడి వత్తులు విప్పింది. మూడు ముందే నూనెలో తడిపి పెట్టినవి, వాటిలో గింజలు నూనె పీల్చి నల్లబడ్డాయి. అవి చచ్చినట్టే. మిగతా నాలుగింట్లో ఐదు పొడిగింజలు దొరికాయి. "గ్లాసుతో నీళ్ళు" అంది. గింజలు నీళ్ళలో వేసి చూస్తూ కూర్చుంది. మూడు తేలాయి. రెండు మునిగాయి. మునిగినవే గట్టివి.

ఆ రెంటినీ తీసి, కొంగుతో తడి అద్ది, అరచేతిలో పెట్టుకుంది.

"రేపు పొద్దున్నే తొట్టి పక్కనే పాదు చేస్తా, రెండూ అక్కడే పెడదాం" అంది వెంకటేశ్వరమ్మ. "ఈసారి కంచె గూడా కడదాం."

"వద్దు. ఒకటి నువ్వు పెట్టుకో. ఇక్కడే, నీ గుమ్మం పక్కన."

"నాకా! మరి మేకలో?"

"మేకల్ని కట్టేసుకో. రెండోది రేపు ప్రత్తిపాడు వెళ్ళి ఆ కోటేష్‌కిచ్చి వస్తా."

"పీకినోడికా?" వెంకటేశ్వరమ్మ నోరు తెరిచింది.

"పీకినవాడికే. వాడికి ఇంక జన్మలో దీని మొహం మరుపురాదు. వాడు నలుగురికీ చెప్పేరకం కూడా, నాలాగ కాదు."

"మరి మీకమ్మా?"

దుర్గాంబ గ్లాసులో తేలుతున్న మూడు గింజల వైపు చూసింది. "నా దగ్గరున్నప్పుడు ఏమైందో చూశావుగా" అంది.

బయట మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగింది. ఇద్దరూ తుమ్మారు. దుర్గాంబ లేచి, చీరకంటిన దూది దులుపుకుని, గుమ్మం దాటబోతూ ఆగింది. ఎప్పుడూ తిట్టే గొంతుతోనే అంది. "చూడు, కాయ కాశాక వత్తులు చేస్తావు కదా. ఇలాగే అడ్డదిడ్డంగా చెయ్యి. గింజలు వలిచావంటే ఊరుకోను."