ఎవరూ నాటని మొక్క

బెళ్ళన్ పెరట్లో, ఆలుగడ్డ మడి చివర, ఎవరూ నాటని మొక్క ఒకటి మొలిచింది. ఆకులు నున్నగా, ముదురాకుపచ్చగా మెరుస్తూ ఉండేవి. కొండమీద మా హట్టిలో, అంటే మా పల్లెలో, అలాంటి మొక్కను ఎవరూ చూసి ఎరగరు. వచ్చినవాళ్ళు తలో మాటా అన్నారు. ఒకరు వెన్నపండు, అదే అవకాడో అన్నారు, ఇంకొకరు కాఫీ అన్నారు. బెళ్ళన్ భార్య మాసి మాత్రం పిచ్చిమొక్క అని తేల్చేసింది.

"పీకి పారెయ్యవయ్యా. మడి బలమంతా అదే లాగేస్తోంది."

"ఏంటో తెలీకుండా ఎట్టా పీకేది? నువ్వు ముట్టుకోకు. ఎవర్నీ ముట్టుకోనివ్వకు."

చలి ముదిరాక బెళ్ళన్ మొక్క చుట్టూ నాలుగు కర్రలు పాతాడు. పొద్దు వాలకముందే వాటిమీద గోనెసంచి కప్పి, అంచులకు రాళ్ళు పెట్టేవాడు. ఎండెక్కగానే తీసేవాడు. "కన్నకూతురికి కూడా ఇంత చాకిరీ చెయ్యలేదు" అని మాసి దెప్పేది.

ఒకరోజు కోతగిరి వైపు నుంచి చావుకబురు వస్తే అతను వెళ్ళాడు. అదేరోజు ఆలుగడ్డలు మేట్టుపాళయం మార్కెట్టుకు పోయే లారీ ఎక్కాయి. సంచులు చాలక కూలీలు ఆ గోనెను కూడా నింపి పంపేశారు. మాసి చూసుకునేసరికి సాయంత్రమైంది. గాలి లేదు. ఆకాశంలో మబ్బుతునక లేదు. అలాంటి సాయంత్రం తర్వాత తెల్లారేసరికి గడ్డిమీద మంచు పేరుకోవడం ఖాయం.

పోతే పోనీ అనుకుని లోపలికెళ్ళి పొయ్యి రాజేసింది. కానీ మనసు ఊరుకోలేదు. ఇప్పుడు చస్తే అదేం మొక్కో ఇక ఎప్పటికీ తెలీదు కదా!

బయటికొచ్చి నిలబడితే పక్కింటి గిరిజి కంచె మీదుగా పిలిచింది. "మాసక్కా, ప్లాస్టిక్ పట్టా ఉంది, ఇవ్వనా?"

"వద్దులేవే. నిరుడు చిక్కుళ్ళకి అదే కప్పా. తగిలిన ఆకల్లా మాడిపోయింది."

మాసి పెట్టె తెరిచింది. హెత్తె అమ్మవారి పండగకు కట్టుకోవాలని ఉతికి దాచుకున్న తెల్లబట్ట పైనే ఉంది. దాన్ని రెండు మడతలు వేసి, ఆకులకు తగలకుండా కర్రలమీద పరిచి, చుట్టూ నేలదాకా దించింది.

గిరిజి నోరు తెరిచింది. "పండక్కి ఏం కట్టుకుంటావక్కా?"

"ఉతుక్కుని ఇదే కడతా. నవ్వేవాళ్ళని నవ్వనీ."

పొద్దున లేచి చూస్తే పెరడంతా సున్నం చల్లినట్టుంది. కంచెమీది చిక్కుడుతీగ ఉడికించినట్టు నల్లగా వాలిపోయింది. బట్ట అప్పడంలా బిరుసెక్కింది. మాసి ఒక అంచు మెల్లగా ఎత్తింది. లోపల మొక్క నిన్నటిలాగే పచ్చగా ఉంది. హమ్మయ్య అనుకుంటూ మొత్తం లాగేసరికి, కొమ్మన ఉన్న చిన్న ముల్లుకు బట్ట తగులుకుని ఒక ఆకు తెగి చేతిలోకొచ్చింది.

"అయ్యో" అంటూ నలిగిన ఆకును చూసుకుంది. వేళ్ళకు ఏదో వాసన. ముక్కు దగ్గర పెట్టుకుంది. బస్టాండులో కొనుక్కునే కమలాపండు తొక్క వాసన!

పరుగున గిరిజికి చూపించింది. ఆమె కళ్ళు మూసుకుని వాసన పీల్చింది. "కమలా కాదక్కా, నిమ్మ."

"నీకు జలుబు చేసిందే. సరిగా చూడు."

మధ్యాహ్నం బస్సు దిగి వచ్చిన బెళ్ళన్‌కు మొక్కమీద తెగిన తొడిమే ముందు కనబడింది. "ముట్టుకోవద్దన్నానా లేదా?"

మాసి ఆకు అతని ముక్కు కింద పెట్టింది. అతని కోపం దిగిపోయింది. మళ్ళీ మళ్ళీ వాసన చూశాడు.

"దబ్బేమోనే" అన్నాడు చివరికి.

"కమలా! పందెం."

"కాయ కాస్తే గానీ తేలదు. ఈ చలిలో కాస్తుందో లేదో."

"ఎందుకు కాయదు? కప్పుతూ ఉంటే కాస్తుంది."

బెళ్ళన్ ఆమె వంక వింతగా చూశాడు. ఆ సాయంత్రం పొద్దు వాలకముందే మాసి ఇంట్లోంచి పాత ఉన్ని కంబళి తెచ్చింది. అతను కర్రలు పీకి, ఇంకాస్త పొడుగువి పాతుతున్నాడు.