రొట్టె దొరకనివాళ్ల లెక్క

"రొట్టెలు లెక్కపెట్టకే, బర్కత్ పోతది," అంది రాజవ్వ మంచం మీద నుంచే.

శీతల్ పెనం మీది జొన్నరొట్టెను తిరగేసింది. చేసిన తిండిని లెక్కపెడితే కలిమి నిలవదని ఆ ఇంటి నమ్మకం. అత్త రాజవ్వకు ఆమె అత్త చెప్పిందట. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, కామాటిపురలో వరసగదుల చాల్‌లోని ఆ ఒంటిగదిలో పొయ్యి ముందు కూర్చుని, ఎన్ని రొట్టెలు తట్టిందో చేసిన మనిషికే తెలియకూడదన్నమాట! ఎంత చేశావో తెలియకపోతే ఎంత అలిసిపోయావని అడిగే బాధ కూడా ఎవరికీ ఉండదు. అయినా శీతల్ అత్త మాట కాదనలేదు. రొట్టెలను వదిలేసి మనుషులను లెక్కపెట్టింది.

ఆరింటికి గల్లీ మొదట్లో బల్ల వేసుకుని అమ్మేది భర్త మంగేష్. కొనేవాళ్లంతా పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీలు, కూలీలు. సైట్లకు పోతూ మూట కట్టుకుని వెళ్తారు. శీతల్ వరండాలో నీళ్లు పడుతూ పైనుంచి చూసేది. రొట్టెలు అయిపోగానే మంగేష్ బల్ల ఎత్తేసి పోయేవాడు; ఆ తర్వాత వచ్చి, రొట్టె దొరక్క తిరిగిపోయిన ఒక్కొక్కరికీ తెలుగు క్యాలెండర్‌లో ఆనాటి గడిలో ఒక గీత. రొట్టెలు మిగిలిపోయిన రోజు ఒక సున్నా. నాలుగు నెలలుగా ఇదే పని. మంగేష్ దాన్ని పాల లెక్క అనుకున్నాడు.

ఆ పొద్దున ఏడింటికే అతను సగం నిండిన గంప తెచ్చి నేల మీద పడేశాడు.

"మళ్లీ మిగిలినయ్. నడుస్తలేదు ఈ జొన్నరొట్టె. ఒకటో తారీఖు నుంచి బంద్. చపాతీలు చేద్దాం."

"గల్లీల చపాతీలు అమ్మెటోళ్లు ఇప్పటికే నలుగురున్నరు."

"దందా సంగతి నాకిడిచిపెట్టు. నువ్వు చెయ్యి, చాలు."

ఇన్నేళ్లు నిలబెట్టిన పనిని ఒక్క మాటతో ముంచేస్తాడా? శీతల్ గోడ మీది క్యాలెండర్ దించి, ఆనాటి గడిలో సున్నా చుట్టి, అతని చేతిలో పెట్టింది.

"సున్నాలు చూడు. ఇయ్యాల్టితో నాలుగు. ఏ రోజులున్నయో చదువు."

మంగేష్ వేలు పెట్టి వెతికాడు. అమావాస్య. మళ్లీ అమావాస్య. నాలుగూ అమావాస్యలే.

"అమావాస్య నాడు మన మేస్త్రీలు పని ముట్టరు. ఆరింటికెందుకు లేస్తరు? పోయిన అమావాస్యకు నర్సింహులు మేస్త్రీ పదింటికి రొట్టెలకని పైదాకా వచ్చిండు. నువ్వేమో ఏడింటికే బల్ల ఎత్తేస్తివి. ఇగ మిగతా రోజుల గీతలు చూడు. అవి తిరిగిపోయినోళ్లు. ఓనాడు ఇరవై, ఓనాడు ఇరవై రెండు."

రాజవ్వ కూడా లేచి వచ్చి క్యాలెండర్‌లోకి తొంగి చూసింది. మంగేష్ మొహం వెలిగిపోయింది.

"అరే, ఇంతమంది వాపస్ పోతున్నరా! అయితే చపాతీలొద్దు. రేపటి నుంచి మూడింటికి లే. ఖల్లాస్!" అని, పోయిన నెల మీద వేలు ఆపాడు. "ఈ మూడు గడులు ఖాళీగున్నయేంది? రాసుడు మరిచినవా?"

"మరవలే. ఆ మూడు రోజులు నాకు జ్వరం."

చెప్పాకే ఆమెకూ సంగతి అర్థమైంది. ఆ మూడు రోజులూ పిండి ఉంది, బల్ల ఉంది, కొనేవాళ్లున్నారు. ఆమె లేవలేదు, అంతే. గిరాకీ లేక దుకాణం మూశానని మంగేష్ చాల్ అంతా చెప్పుకున్నాడు. జ్వరంతో పడుకుని ఆ మాట విని, పాపం ఇతనికి ఎంత నష్టమో అని తనే బాధపడింది. ఇప్పుడు తలచుకుంటే తన మీద తనకే కోపం వచ్చింది.

"మూడింటికి లెవ్వ," అంది. "పక్కగది లక్ష్మమ్మ పని అడుగుతున్నది. రెండో పెనం ఆమెకిస్తా, కూలిస్తా. నాలుగింటికి ముగ్గురం లేద్దాం. పిండి నువ్వు పిసుకు."

"మగోడు పిండి పిసుకుతడానే?" రాజవ్వ బుగ్గలు నొక్కుకుంది.

మంగేష్ నవ్వేశాడు. "నాకు రొట్టెపిండి పిసుకరాదు గద."

శీతల్ పళ్లెంలో పిండి పోసి, మధ్యలో గుంట చేసి, వేడినీళ్ల గిన్నెతో సహా అతని ముందుకు జరిపింది.

"లగ్గమైన తెల్లారి నాకూ రాకుండె."